టండ్రా కొంటే విదేశీ, ఎఫ్-150 కొంటే స్వదేశీ అనుకోవచ్చా?

ప్రశ్న: నమస్కారం. మేము టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. నాకూ మా ఆవిడకూ ఐటీ ఉద్యోగాలు, స్కూలుకెళ్లే పిల్లలు ఇద్దరు. ఏటా అమ్మానాన్నలు వచ్చి ఐదారు నెలలు ఉండి వెళ్తారు. సెలవుల్లో తిరగడానికి ఒక ట్రావెల్ ట్రైలర్ కొందామనుకుంటున్నాం. సామాను, నీళ్లు అన్నీ కలిపి 6,500 పౌండ్ల దాకా తూగుతుందట. దాన్ని లాగడానికి ఫుల్ సైజ్ పికప్ కావాలి. బడ్జెట్ 65 వేల డాలర్లు, పదేళ్లు ఉంచుకోవాలని ఆలోచన. న్యూజెర్సీలో ఉండే మా బావ "ఇంపోర్టెడ్ బండే కొను, టయోటా అయితే మళ్లీ తిరిగి చూడక్కర్లేదు" అంటాడు. ఆఫీసులో మా మేనేజర్ "టెక్సస్‌లో ఉండి అమెరికన్ ట్రక్కు కొనకపోతే ఎలా, పైగా ఇప్పుడు టాక్స్ కూడా కలిసొస్తుంది" అంటాడు. ఎవరి మాట వినాలి?

సమాధానం:

మీ బావగారు చెప్పే ఇంపోర్టెడ్ బండి అసలు మార్కెట్లోనే లేదండీ. ఫుల్ సైజ్ పికప్పుల్లో ఓడ దిగి వచ్చి అమెరికాలో అమ్ముడయ్యేది ఈరోజు ఒక్కటీ లేదు. జపాన్ బండి అని ఆయన అనుకునే టయోటా టండ్రా తయారయ్యేది శాన్ ఆంటోనియోలో. ఫ్రిస్కోలో పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి ఆ ఫ్యాక్టరీ గేటు ముందు ఉంటారు. టయోటా ఉత్తర అమెరికా హెడ్ క్వార్టర్స్ మీ పక్కూరు ప్లేనోలోనే ఉంది. సరిహద్దు దాటి వచ్చే బళ్లు కావాలంటే మీ మేనేజర్ గారి జాబితాలోనే దొరుకుతాయి. షెవర్లే సిల్వరాడో 1500 ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌లో కొన్ని, మెక్సికోలోని సిలావ్‌లో కొన్ని, కెనడాలోని ఓషావాలో కొన్ని తయారయ్యాయి.

ఇలా ఎందుకైందో తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. దీనికంతా మూలం కోళ్లు. 1960ల మొదట్లో అమెరికా కోడిమాంసం చవగ్గా పశ్చిమ జర్మనీకీ ఫ్రాన్స్‌కీ వెళ్లి పడుతుంటే, అక్కడి రైతులు గగ్గోలు పెట్టారు. యూరప్ దేశాలు దానిమీద సుంకం పెంచాయి. బదులుగా 1963 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బంగాళదుంప స్టార్చ్, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేశాడు. మిగతావాటి మీద అది తర్వాత పోయింది, ట్రక్కుల మీద మాత్రం అలాగే ఉండిపోయింది. అందరూ దాన్ని చికెన్ టాక్స్ అనే అంటారు. కార్ల మీద దశాబ్దాల పాటు 2.5 శాతమే ఉన్న సుంకం ట్రక్కుల మీద దానికి పది రెట్లు. అంత కట్టి పికప్‌ని సముద్రం దాటించి తెచ్చి అమ్మితే ఎవరికీ గిట్టదు. మెక్సికో, కెనడా బళ్లకి మాత్రం వాణిజ్య ఒప్పందాల వల్ల ఆ బాధ లేకపోయింది.

తప్పించుకోవడానికి చేసిన వేషాలు కూడా తక్కువేం కావు. సుబారు తన బ్రాట్ అనే చిన్న పికప్ వెనక బెడ్‌లో రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, ఇది ప్యాసింజరు బండి అంది. ఇంకా తమాషా ఏమిటంటే ఫోర్డ్ కూడా అదే పని చేసింది. ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లని బయట తయారుచేసి, వెనక సీట్లు పెట్టి దేశంలోకి తెచ్చి, రేవు దాటగానే ఆ సీట్లు పీకేసింది. ఆ కేసు 2024 మార్చిలో 36.5 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్‌తో ముగిసింది. స్వదేశీ అనే మాటకి ఎంత బరువు ఇవ్వాలో మీరే చూసుకోండి.

టయోటా కూడా మొదట జపాన్‌లో తయారుచేసే ప్రయత్నించింది. 1990లలో వచ్చిన టీ100 అక్కడి నుంచే వచ్చేది. అటు సుంకం, ఇటు వీ8 ఇంజన్ లేకపోవడం, రెండూ కలిసి అది పెద్దగా నిలదొక్కుకోలేదు. 1999లో ఇండియానాలోని ప్రిన్స్‌టన్‌లో టండ్రా మొదలుపెట్టారు, 2006లో శాన్ ఆంటోనియో ఫ్యాక్టరీ తెరిచారు. నిస్సాన్ టైటన్ కూడా మిసిసిపీలోని క్యాంటన్‌లో తయారైన బండే, అది 2024 మోడల్‌తో ఆగిపోయింది. అంటే "విదేశీ ఫుల్ సైజ్ పికప్" అని మీ బావగారు ఏ బండి గురించి మాట్లాడినా అది టండ్రా ఒక్కటే.

పెనుకొండ దగ్గర తయారయ్యే కియా కొరియా బండా, మన బండా అని అడిగితే ఏం చెప్తాం? బ్యాడ్జీ కొరియాది, పని మన అనంతపురం వాళ్లది. ఇక్కడా అంతే. టండ్రాలో పెట్టే 3.4 లీటర్ల ట్విన్ టర్బో వీ6 ఇంజన్ అలబామాలోని హంట్స్‌విల్‌లో తయారవుతుంది. ఫోర్డ్ ఎఫ్-150 బండి మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌లోనూ కాన్సస్ సిటీ ఫ్యాక్టరీలోనూ తయారవుతుంది కానీ, అందరూ అసలైన అమెరికన్ శబ్దం అని మురిసిపోయే దాని 5.0 లీటర్ల వీ8 వచ్చేది కెనడాలోని విండ్సర్ నుంచి. రామ్ 1500 తయారయ్యేది డెట్రాయిట్ పక్కనున్న స్టెర్లింగ్ హైట్స్‌లో, దాని కొత్త హరికేన్ ఇంజన్ మెక్సికోలోని సాల్టియోలో. ఆ రామ్ కంపెనీ యజమాని స్టెలాంటిస్, దాని రిజిస్టరు చేసిన ఆఫీసు నెదర్లాండ్స్‌లో.

మేనేజర్ గారి మాటలో ఒక్క చోట నిజం ఉంది. ఫోర్డ్, జీఎం, స్టెలాంటిస్ అమెరికా ఫ్యాక్టరీల్లో కార్మికులు యూఏడబ్ల్యూ యూనియన్ సభ్యులు, 2023 చివర్లో సమ్మె చేసి జీతాలు పెంచుకున్నది వాళ్లే. శాన్ ఆంటోనియోలో యూనియన్ లేదు. యూనియన్ కార్మికుడి చేతి బండే కొనాలని మీకు పట్టింపు ఉంటే అది గౌరవించదగ్గ కారణం. అంతకు మించి బ్యాడ్జీ మీద దేశభక్తి చూపించనక్కర్లేదు.

ఇక ఆయన చెప్పిన టాక్స్ సంగతి. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2025 నుంచి 2028 దాకా కొత్త బండి లోన్ మీద కట్టే వడ్డీని ఏడాదికి 10 వేల డాలర్ల వరకు ఆదాయం నుంచి తీసేసుకోవచ్చు. సొంత వాడకానికి కొన్న కొత్త బండి అయ్యుండాలి, లీజు పనికిరాదు, చివరి అసెంబ్లీ అమెరికాలో జరిగి ఉండాలి. చట్టం చూసేది అసెంబ్లీ జరిగిన చోటునే, కంపెనీ ఏ దేశానిదో దానికి అక్కర్లేదు. కాబట్టి శాన్ ఆంటోనియో టండ్రాకి ఇది వస్తుంది. సిలావ్‌లో తయారైన సిల్వరాడోకి రాదు. మేనేజర్ గారు ఇది విని కొంచెం నొచ్చుకోవచ్చు.

బండి ఎక్కడ తయారైందో విన్ నంబర్లో, అంటే ప్రతి బండికీ ఉండే గుర్తింపు సంఖ్యలో, మొదటి అంకె చెప్పేస్తుంది. 1, 4, 5 అయితే అమెరికా, 2 అయితే కెనడా, 3 అయితే మెక్సికో. ఒకే మోడల్, ఒకే రంగు, ఒకే ధర, పక్కపక్కనే నిలబెట్టిన రెండు సిల్వరాడోల్లో ఒకదానికి 1, రెండోదానికి 3 ఉండొచ్చు. అద్దానికి అంటించిన విండో స్టిక్కర్ మీద కూడా అసెంబ్లీ ఊరు, ఇంజన్ ఏ దేశానిది, గేర్‌బాక్స్ ఏ దేశానిది, అమెరికా కెనడా విడిభాగాలు ఎంత శాతం, అన్నీ రాసి ఉంటాయి. 1992లో చేసిన లేబులింగ్ చట్టం పుణ్యమా అని ఇది ప్రతి కొత్త బండికీ తప్పనిసరి.

అయితే ఈ మినహాయింపు చూసి పెద్దగా ఆశ పడకండి. జాయింట్ ఫైలింగ్‌లో ఆదాయం 2 లక్షల డాలర్లు దాటితే, దాటిన ప్రతి వెయ్యికీ 200 డాలర్ల చొప్పున కోత పడుతుంది. 50 వేల అప్పు, 6 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే మొదటి ఏడాది వడ్డీ 2,700 ప్రాంతంలో ఉంటుంది. మీ ఇద్దరి ఆదాయం 2 లక్షల 14 వేలకి చేరితే ఆ 2,700 మొత్తం కోతకే పోతుంది. ఆదాయం తక్కువై పూర్తిగా దక్కినా, 22 శాతం శ్లాబులో చేతికి మిగిలేది 600 డాలర్ల లోపే. ఫ్రిస్కోలో రెండు ఐటీ జీతాలున్న ఇంట్లో దీన్ని చూసుకుని బండి ఎంచుకోవడం దండగ. అన్నట్టు, వీకెండ్ పార్టీల్లో "6 వేల పౌండ్లు దాటిన బండి కొంటే మొత్తం రైటాఫ్" అని చెప్పేవాళ్లు కూడా తగులుతారు. అది సొంత వ్యాపారానికి సగానికి మించి వాడే బళ్ల సంగతి. డబ్ల్యూ2 జీతగాళ్లకి, క్యాంపింగుకి వాడే పికప్‌కి వర్తించదు.

ఇక టయోటా అయితే తిరిగి చూడక్కర్లేదన్న మాట. ఆ పేరు ఊరికే రాలేదు. 2007 నాటి టండ్రా ఒకటి 2016లో పది లక్షల మైళ్లు దాటితే, కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుని యజమానికి కొత్తది ఇచ్చింది. కానీ ఆ పేరు తెచ్చిపెట్టినవి పాత వీ8 ఇంజన్లు. వాటి చివరిది, 5.7 లీటర్లది, 2021 మోడల్‌తో అయిపోయింది. 2022 నుంచి వస్తున్నది పూర్తిగా వేరే ఇంజన్, వేరే ఫ్రేము, వేరే గేర్‌బాక్స్. 2024 మే నెలలో 2022, 2023 మోడళ్ల టండ్రాలూ లెక్సస్ ఎల్‌ఎక్స్‌లూ కలిపి సుమారు 1,02,000 బళ్లని టయోటా రీకాల్ చేసింది. ఫ్యాక్టరీలో ఇంజన్ చెక్కినప్పటి లోహపు రజను లోపలే ఉండిపోయి, ఇంజన్ దడదడలాడటం, రోడ్డు మీదే ఆగిపోవడం జరిగింది. మందూమాకుతో సరిపెట్టకుండా ఇంజన్లే మార్చారు. 2025 చివర్లో ఇంకో విడత రీకాల్ వచ్చింది, అందులో 2024 మోడళ్లు కూడా ఉన్నాయి.

అలాగని అవతలి పక్షం గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోనక్కర్లేదు. 2025 ఏప్రిల్‌లో జీఎం తన 6.2 లీటర్ల వీ8 ఉన్న 2021–2024 బళ్లని, అమెరికాలోనే దాదాపు 6 లక్షలు, క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ లోపాల వల్ల వెనక్కి పిలిచింది. తనిఖీలో పాసైన బళ్లకి చిక్కటి ఆయిల్ పోసి పంపారు. అది నాకు పెద్ద ధైర్యం ఇవ్వలేదు. ఫోర్డ్ 2024లో 2.7, 3.0 లీటర్ల ఎకోబూస్ట్ ఇంజన్లలో వాల్వులు విరుగుతున్నాయని 2021–22 బళ్లు 90 వేల దాకా రీకాల్ చేసింది. దాని 3.5 ఎకోబూస్ట్‌లో 2017–2020 మధ్య క్యామ్ ఫేజర్ల గొడవ ఉండేది, పొద్దున స్టార్ట్ చేయగానే గరగరమని శబ్దం. రామ్ అయితే 2025లో హెమీ వీ8 తీసేసి, కొనేవాళ్లు మొహం తిప్పుకునేసరికి 2026కి మళ్లీ తెచ్చింది, ఆ ఏడాది మోడళ్లకి పదేళ్లు లేదా లక్ష మైళ్ల పవర్‌ట్రెయిన్ వారంటీ కూడా ప్రకటించింది. అమ్మకాలు పడిపోయినప్పుడే ఇలాంటి ఉదారత్వం పుట్టుకొస్తుందనుకోండి, అయినా పదేళ్లు ఉంచుకునే మీలాంటివాళ్లకి అది పనికొచ్చే హామీనే.

కాబట్టి 2026లో కొత్త పికప్ కొనేటప్పుడు కంపెనీ పేరు చూసి నిశ్చింతగా ఉండే రోజులు లేవు. ఏ ఇంజన్, ఏ ఏడాది అని అడగాలి. బావగారి మాట అక్షరాలా నిలబెట్టాలంటే 2021 లేదా అంతకు ముందుది, తక్కువ తిరిగిన వీ8 టండ్రా వెతకాలి. గ్యాలన్‌కి 14 మైళ్లతో సర్దుకుంటే అది ఇప్పటికీ మంచి బండే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ 6,500 పౌండ్లు, ఆ ఆరుగురు మనుషులు. మీ బావగారూ మేనేజర్ గారూ ఇద్దరూ దీని ఊసెత్తలేదు.

డీలర్ దగ్గరికి వెళ్లగానే మీకు చెప్పేది లాగే బరువు. ఎఫ్-150 13,500 పౌండ్లు లాగుతుంది, సిల్వరాడో 13,300, టండ్రా 12,000 అంటారు. 6,500 దాంట్లో సగమే కదా అని మీరు సంతోషిస్తారు. అయితే ట్రైలర్ బరువు మొత్తం దాని చక్రాల మీదే ఉండదు. 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే మీ ట్రక్కు వెనక భాగం మీద కూర్చుంటుంది. దాన్ని టంగ్ వెయిట్ అంటారు. ఇది తక్కువైతే ట్రైలర్ తోకలా ఊగుతుంది, కాబట్టి తగ్గించుకునే వీలు లేదు. ఈ బరువు, బండిలో కూర్చున్న అందరి బరువు, బెడ్‌లో వేసిన సామాను బరువు కలిపి పేలోడ్, అంటే ట్రక్కు తన మీద మోయగల బరువు, దాటకూడదు. 2012లో లాస్ ఏంజెలెస్‌లో ఎండెవర్ స్పేస్ షటిల్‌ని ఒక టండ్రా వంతెన దాటించింది. సుమారు 3 లక్షల పౌండ్లు! ఆ ఫొటో చూపించి ఇప్పటికీ మురిసేవాళ్లున్నారు. షటిల్ బరువంతా కింద ఉన్న డాలీ (చక్రాల బల్ల) మోసింది, ట్రక్కు వీపు మీద పెద్దగా పడలేదు. మీ ట్రైలర్ అలా కాదు.

పేలోడ్ ఎంతో బ్రోషరులో చూడకండి. అందులో రాసేది ఏ హంగులూ లేని అతి తేలిక బండి లెక్క. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద పసుపు, తెలుపు రంగుల్లో ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించరాదు అని ఆ ఒక్క బండికి సంబంధించిన అంకె దానిమీద ఉంటుంది. క్రూ క్యాబ్ (నాలుగు తలుపుల) హాఫ్ టన్ను బళ్లలో, అంటే ఎఫ్-150, సిల్వరాడో 1500, టండ్రా తరగతిలో, అది 1,300 నుంచి 1,900 దాకా రకరకాలుగా కనిపిస్తుంది.

ఇప్పుడు మీ లెక్క వేద్దాం. మీరిద్దరూ 330, పిల్లలు 150 పౌండ్లు. 6,500లో 13 శాతం టంగ్ వెయిట్ 845. బరువుని ముందు చక్రాలకి పంచే హిచ్ ఒకటి తప్పకుండా కావాలి, దానికి ఓ 90. బెడ్‌లో జనరేటరు, కూలరు, కుర్చీలు, గ్రిల్లు, రైసు కుక్కరు 200. మొత్తం 1,615. అమ్మానాన్నలు కూడా ఎక్కితే ఇంకో 290, అంటే 1,905. 12 వేల పౌండ్లు లాగే బండి అని కొన్నది ఆరున్నరవేల ట్రైలర్‌తో నిండిపోవడం అంటే ఇదే. ఓవర్‌లోడ్ చేసి తిరిగేవాళ్లు చాలామందే ఉన్నారు, రోడ్డు మీద ఎవరూ ఆపి తూచరు. కానీ వెనక కుంగి, ముందు చక్రాలు తేలికపడి, వెస్ట్ టెక్సస్ పక్కగాలికి ఐ-20 మీద స్టీరింగ్ వణుకుతుంటే, వెనక సీట్లో పిల్లలుంటే, ఆ టెన్షన్ ఎందుకు?

ఇందులో విచిత్రం ఏమిటంటే ఖరీదు పెరిగేకొద్దీ పేలోడ్ తగ్గుతుంది. పనోరమిక్ రూఫు, మసాజ్ సీట్లు, 4x4, పెద్ద చక్రాలు, హైబ్రిడ్ బ్యాటరీ, అన్నీ బరువే, ఆ బరువంతా మీ వాటాలోంచే పోతుంది. రామ్ లిమిటెడ్, టండ్రా క్యాప్‌స్టోన్, ఎఫ్-150 ప్లాటినమ్ ఇవన్నీ హైవే మీద సోఫాలే, ట్రైలర్ కట్టేవాళ్లకి మాత్రం కింది ట్రిములే (హంగులు తక్కువ ఉన్న రకాలే) మేలు. ఫ్రిస్కోలో మంచు పడేది ఏడాదికి ఒకటి రెండు రోజులు, ఆ రోజుల్లో ఊరంతా ఇంట్లోనే ఉంటుంది. 4x4 వదిలేయండి, బరువూ డబ్బూ రెండూ మిగులుతాయి.

స్వదేశీ, విదేశీ తేడా నిజంగా కనిపించేది ఇక్కడే. టయోటా దగ్గర హాఫ్ టన్నుతో ఆట అయిపోతుంది. డెట్రాయిట్ కంపెనీల దగ్గర ఒక్కో బండికి ముప్పై రకాల కూర్పులు దొరుకుతాయి, హాఫ్ టన్ను చాలకపోతే పైన ఎఫ్-250, 2500 తరగతి ఉంది. మీకు అంత పెద్దది అక్కర్లేదు. ఎత్తు ఎక్కువ, ఖాళీగా నడిపితే కుదుపు ఎక్కువ, మీ అమ్మగారు ఎక్కలేరు. రేపు ఇంకా పెద్ద ట్రైలర్ మీద మనసు పడితే మాత్రం టయోటాలో పైమెట్టు లేదని గుర్తుంచుకోండి. (రామ్ 2500 మెక్సికోలోని సాల్టియోలో తయారవుతుంది. మేనేజర్ గారికి ఇది కూడా చెప్పండి.)

మీ స్థానంలో ఉంటే నేను కొనేది ఎఫ్-150 ఎక్స్‌ఎల్‌టీ, సూపర్ క్రూ క్యాబ్, 3.5 ఎకోబూస్ట్, 4x2, టో ప్యాకేజీతో, పసుపు స్టిక్కర్ మీద 1,700కి తగ్గకుండా. అది మీ నలుగురూ ట్రైలర్‌తో వెళ్లే లెక్క, అమ్మానాన్నలు కూడా ఎక్కిన రోజున ట్రైలర్ కట్టాలంటే పైన వేసిన 1,905 కూడా ఆ స్టిక్కర్‌లో ఇమడాలి. 500 పౌండ్-ఫీట్ల టార్క్ ఉంటుంది, ఎత్తులెక్కేటప్పుడు ఆయాసం కనిపించదు. ఈ ట్రిములో ముందు బెంచ్ సీటుతో ఆరుగురు కూర్చునే బండి కూడా వెతికితే దొరుకుతుంది, మీ ఇంటికి అది ముఖ్యం. మీ బడ్జెట్ దాటదు. 36 గ్యాలన్ల ట్యాంకు ఉన్నది అడగండి. ట్రైలర్ కడితే ఏ బండైనా గ్యాలన్‌కి తొమ్మిది, పది మైళ్లే ఇస్తుంది, బిగ్ బెండ్ వైపు వెళ్తుంటే చిన్న ట్యాంకుతో ప్రతి పెట్రోల్ బంకు దగ్గరా గుండె కొట్టుకుంటుంది. టర్బో ఇంజన్ కాబట్టి ఆయిల్ 10 వేల మైళ్లకి మార్చొచ్చని బండి చెప్పినా వినకుండా 5 వేలకే మార్పించండి.

రెండోది టండ్రా ఎస్‌ఆర్5, క్రూమ్యాక్స్, అదీ 4x2. ఆయిల్ విషయంలో దీనికీ అదే మాట. వెనక సీటు విశాలం, బెడ్ కాంపోజిట్‌ది కాబట్టి తుప్పు పట్టదు, తిరిగి అమ్మేటప్పుడు ధర బాగా పలుకుతుంది. స్టిక్కర్ మీద 1,650 ఉన్నది దొరికి, విన్ నంబరు రీకాల్ జాబితాలో లేదని తేలితే ఇదే కొన్నా నేను వద్దనను. హైబ్రిడ్ టండ్రా వద్దు, బ్యాటరీ వెనక సీటు కింద జాగా తినేస్తుంది, పేలోడ్ కూడా పోతుంది. ఫోర్డ్ హైబ్రిడ్‌లో బ్యాటరీ కింద ఫ్రేములో ఉంటుంది, 7.2 కిలోవాట్ల జనరేటరు కూడా వస్తుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో కరెంటు పోయి జనం వణికిపోయినప్పుడు, స్టాకులో ఉన్న హైబ్రిడ్ ట్రక్కుల్ని అవసరమైనవాళ్లకి ఇవ్వమని ఫోర్డ్ తన డీలర్లని కోరింది. మీకు ఆ భయం ఎక్కువగా ఉంటేనే దానివైపు చూడండి, లేకపోతే మామూలు ఇంజనే చాలు.

సిల్వరాడోలో 3.0 లీటర్ల డీజిల్ చాలా మంచి ఇంజన్, ట్రైలర్‌కి సరిగ్గా సరిపోయే రకం. 6.2 జోలికి వెళ్లకండి. రామ్ వెనక కాయిల్ స్ప్రింగులు, మెత్తటి ప్రయాణం, ఖాళీగా తిరిగేటప్పుడు దాని అంత సుఖం ఇంకో దాంట్లో లేదు. పేలోడ్ దగ్గరే వెనకబడుతుంది.

బండి చూడ్డానికి ఆదివారం వెళ్లండి. టెక్సస్ చట్టం ప్రకారం కార్ల డీలర్లు శని, ఆదివారాల్లో ఒకరోజు మూసెయ్యాలి, దాదాపు అందరూ ఆదివారమే మూస్తారు. లాట్ తెరిచి ఉన్నచోట సేల్స్‌మన్ వెంటపడకుండా అద్దాల మీద స్టిక్కర్లు తీరిగ్గా చదువుకోవచ్చు, విన్ నంబర్లు ఫొటో తీసుకోవచ్చు. తలుపు లోపలి పసుపు స్టిక్కర్ మాత్రం తాళం తీస్తేనే కనిపిస్తుంది. సోమవారం ఫోన్ చేసి, ఫలానా స్టాకు నంబరు బండి పేలోడ్ స్టిక్కర్ ఫొటో పంపండి అని అడగండి. పంపనివాడి దగ్గర కొనకండి. ఆ విన్ నంబర్లని ప్రభుత్వ రీకాల్ సైటులో కొట్టి చూసుకోండి.

అమ్మానాన్నలు ఇక్కడ ఉన్నప్పుడే టెస్ట్ డ్రైవ్‌కి వాళ్లని కూడా తీసుకెళ్లండి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఈ బళ్లు ఎక్కడం చిన్న విషయం కాదు. రన్నింగ్ బోర్డు ఏ ఎత్తులో ఉంది, పట్టుకునే హ్యాండిల్ ఎక్కడుంది అనేది వాళ్లు ఎక్కి దిగితేనే తెలుస్తుంది. గ్యారేజీ కూడా టేపు పెట్టి కొలవండి. ఐదున్నర అడుగుల బెడ్ ఉన్న క్రూ క్యాబ్ ఏ కంపెనీదైనా పొడవు 232 అంగుళాల చుట్టుపక్కలే, అంటే 19 అడుగుల పైచిలుకు. మీ వైపు ఇళ్లలో 20 అడుగుల గ్యారేజీలే ఎక్కువ, అందులో ఫ్రిజ్జూ బియ్యం బస్తాల అల్మరా ఉంటే బండి బయటే. బయట ఉంటే వడగళ్లు. ఎఫ్-150 బాడీ 2015 నుంచి అల్యూమినియం, అయస్కాంతం పెడితే అంటుకోదు. దానికి సొట్ట పడితే తీయడం ఉక్కు కంటే ఖరీదు. ఇన్సూరెన్స్ కొటేషన్ రెండు బళ్లకీ విడివిడిగా ముందే తీసుకోండి, తేడా ఉండొచ్చు.

ఇంకొకటి. ట్రైలర్ ఇంకా కొనలేదు కదా? అలాంటిదే ఒకటి వారం రోజులు అద్దెకి తీసుకుని పిల్లలతో తిరిగి రండి. చాలా ఇళ్లలో ఆ మోజు రెండో ట్రిప్పుకే చల్లారిపోతుంది. మీ ఇంట్లో కూడా అదే జరిగితే అప్పుడు మీకు పికప్పే అక్కర్లేదు, అమ్మానాన్నలతో కలిసి హాయిగా కూర్చునే ఒక మూడు వరసల ఎస్‌యూవీ చాలు, బడ్జెట్‌లో పాతిక వేలు మిగులుతాయి. కొనాలనే తేలితే ముందు మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) నిబంధనలు తీసి చదవండి. ఫ్రిస్కో కాలనీల్లో చాలావాటిలో డ్రైవ్‌వేలో ట్రైలర్ పెట్టనివ్వరు, నోటీసు మీద నోటీసు పంపిస్తారు. ఊరి బయట స్టోరేజీ లాట్‌లో నెల అద్దె ఎంతో కనుక్కుని, పదేళ్ల లెక్కలో దాన్ని కూడా వేసుకోండి.